ముందు వెలుగు చూడండి, కుండీ సంగతి తర్వాత

అందరికీ నమస్కారం అండీ. సక్యులెంట్స్‌ని, అంటే ఆకుల్లో కాడల్లో నీరు దాచుకునే మొక్కల్ని, ఇంట్లో అందంగా ఎలా పెట్టుకోవాలో మాట్లాడమన్నారు, మాట్లాడతాను, కానీ ముందే చెప్పేస్తున్నా, నేను కుండీల దగ్గర మొదలుపెట్టను. ఫోన్లో ఫొటోలు చూసి అందరూ మొదలుపెట్టేది అక్కడే. ఎవరో టీ కప్పులో పెట్టారు, ఇంకెవరో గాజు బుడ్డిలో పెట్టారు, పాత బూటులో పెట్టినవాళ్లు కూడా ఉన్నారు, భలే ఉందే అని మనమూ పెట్టేస్తాం. ఫొటో తీసిన రోజు బానే ఉంటుంది. రెండు నెలల తర్వాత అదే మొక్క ఎలా ఉందో మాత్రం ఎవరూ పోస్ట్ చెయ్యరు.

కాబట్టి ముందు వెలుగు. బయట మిట్టమధ్యాహ్నం మంచి ఎండలో సుమారు 1,00,000 లక్స్ (లక్స్ అంటే వెలుగుని కొలిచే కొలత) ఉంటుంది, అదే గది మధ్యలో సెంటర్ టేబుల్ మీద కొలిస్తే చాలా ఇళ్లలో వందల్లోనే ఉంటుంది. మన కళ్లు సర్దుకుపోతాయి కాబట్టి మనకి ఆ తేడా తెలీదు, మొక్కకి బాగా తెలుస్తుంది. గులాబీ పువ్వులా గుండ్రంగా ఉండే ఎచెవెరియాని తెచ్చి ఆ టేబుల్ మీద పెట్టారనుకోండి, కొన్ని వారాల్లోనే కాడ సాగిపోయి, ఆకుకీ ఆకుకీ మధ్య ఖాళీ వచ్చేసి, తల మొత్తం కిటికీ వైపు తిప్పేసుకుంటుంది. అలా సాగిన కాడ మళ్లీ వెనక్కి తగ్గదండీ, ఎండలోకి మార్చినా కొత్తగా వచ్చే ఆకులే దగ్గరగా వస్తాయి. ఇక తల కోసి, కోసిన చోటు నాలుగైదు రోజులు ఆరనిచ్చి మళ్లీ నాటుకోవడమే.

వెలుగు కొలవడానికి యాప్‌లు ఉన్నాయి గానీ చెయ్యి చాలు. మధ్యాహ్నం పూట మీరు అనుకున్న చోట తెల్ల కాగితం పెట్టి, దాని మీద ఒక అడుగు ఎత్తులో చెయ్యి పట్టుకోండి. నీడ అంచులు స్పష్టంగా తెగినట్టు పడితే ఎచెవెరియా, సెడమ్ లాంటివి ధైర్యంగా పెట్టొచ్చు. నీడ మసకగా ఉంటే హవర్థియా, గాస్టీరియా పెట్టుకోండి, ఇవి దక్షిణాఫ్రికాలో పొదల కింద, గడ్డి చాటున పెరిగే మొక్కలు, నేరుగా ఎండ తగలకపోయినా నెట్టుకొస్తాయి. అసలు నీడే పడట్లేదా, అది షోపీస్ పెట్టుకునే చోటు, మొక్క పెట్టే చోటు కాదు.

లేదు, నాకు ఆ హాల్లో టేబుల్ మీదే కావాలి అంటారా, దానికీ దారి ఉంది. మొక్కలన్నీ కిటికీ దగ్గరో బాల్కనీలోనో పెంచుకుని, ఒక్కోదాన్ని వంతులవారీగా హాల్లోకి తెచ్చి నాలుగు రోజులు ఉంచి మళ్లీ తీసుకెళ్లిపోండి, చుట్టపుచూపుగా వచ్చి వెళ్లాలి అంతే. హాల్లో పెట్టే ఆ అందమైన గిన్నె ఒకటే ఉంటుంది, దాంట్లో నర్సరీ కుండీని అలాగే దించి పెడతాం, మొక్క మారుతుంది, గిన్నె మారదు. నన్నడిగితే అన్నిటికంటే తెలివైన డిస్‌ప్లే ఇదే, ఖర్చు కూడా లేదు, కానీ ఎందుకో ఎవరూ చెయ్యరు.

ఇక కిటికీ. కిటికీ గట్టు మీద వరసగా కుండీలు పెట్టడం అందరికీ తెలిసిందే. ఇంకొంచెం ముందుకెళ్లి కిటికీకి అడ్డంగా రెండు గాజు అరలు బిగించి చూడండి, వెలుగు మొక్క వెనక నుంచి వస్తుంది, అక్కడ హవర్థియా కూపరి పెట్టండి. దాని ఆకుల కొసలు అద్దంలా పారదర్శకంగా ఉంటాయి, ఎందుకంటే సొంత నేల మీద ఆ మొక్క దాదాపు మొత్తం మట్టిలో కూరుకుపోయి కొసలు మాత్రమే బయటపెట్టి బతుకుతుంది, వెలుగు ఆ కొసల్లోంచి లోపలికి దిగుతుంది. మామూలుగా పైనుంచి చూస్తే ఆ సంగతే తెలీదు, వెనక నుంచి వెలుగు పడితే ఆకు లోపల గీతలతో సహా వెలుగుతుంది. అద్దం వెనక నుంచి సూటిగా మిట్టమధ్యాహ్నపు ఎండ పడే కిటికీ అయితే మాత్రం పల్చటి కర్టెన్ వెయ్యండి, లేకపోతే ఆ కొసలే ముందు మాడతాయి.

వేలాడదీసేవాటి గురించి చాలామంది అడుగుతుంటారు, ముత్యాల దండలా కిందకి జారేది, అదే స్ట్రింగ్ ఆఫ్ పెర్ల్స్, పైన బట్టతల వచ్చేస్తోంది అని. కారణం సింపుల్. సీలింగ్ హుక్కుకి కట్టేస్తాం, కుండీ కిటికీ పై అంచు కంటే ఎత్తులో ఉంటుంది, తీగలకి వెలుగు తగుల్తుంది గానీ కుండీలో మట్టి దగ్గర చీకటి. తాడు పొడుగు పెంచి కుండీ మూతి కిటికీ మధ్యకి వచ్చేలా దించండి. బర్రోస్ టెయిల్ అనే ఇంకోటి ఉంది, జడలా ఉంటుంది, చూడ్డానికి చాలా అందంగా ఉంటుంది గానీ చెయ్యి తగిలితే చాలు ఆకులు జలజలా రాలతాయి, మనుషులు తిరిగే దారిలో వద్దు. రాలిన ఆకుల్ని పారెయ్యకుండా పొడి మట్టి మీద పరిస్తే చాలావరకు పిల్లలు వేస్తాయి, మన రణపాల ఆకు వేసినట్టే.

గోడ మీద ఫొటో ఫ్రేమ్‌లా పెట్టే సక్యులెంట్ తోట చాలామందికి ఇష్టం, దాని గురించి కొంచెం వివరంగా చెప్తా ఎందుకంటే ఎక్కువమంది తొందరపడేది ఇక్కడే. నిలువు తోట ఆలోచన కొత్తదేం కాదు, ఇల్లినాయ్ యూనివర్సిటీలో పాఠాలు చెప్పిన స్టాన్లీ హార్ట్ వైట్ 1938లోనే దీనికి పేటెంట్ తీసుకున్నాడు. మనం చేసేది చిన్నది. ఫ్రేమ్ వెనక ఆరేడు సెంటీమీటర్ల లోతు చెక్క పెట్టె, ముందు వైపు కోళ్ల జాలీ, లోపల సగానికి పైగా పెర్లైట్, ప్యూమిస్ లాంటి తేలికైన రాతి గుళ్లు కలిపిన గరుకు మట్టి. మొక్కల కొమ్మల్ని ముక్కలుగా కోసి (వీటినే కటింగ్స్ అంటారు) చివర్లు ఆరాక జాలీ సందుల్లోంచి గుచ్చాలి. ఇప్పుడు అసలు సంగతి, ఆ పెట్టెని వెంటనే గోడకి తగిలించకూడదు. నెలన్నర రెండు నెలలు వెలుగులో నేల మీద పడుకోబెట్టే ఉంచాలి, వేర్లు మట్టిని పట్టుకునేదాకా, లాగితే ఊడి రాకూడదు. తర్వాత కూడా నీళ్లు పొయ్యాలంటే దించి పడుకోబెట్టి పోసి, నీరంతా కారాక మళ్లీ తగిలించాలి. ఈ ఓపిక లేనివాళ్లు ఫ్రేమ్ జోలికి వెళ్లకపోవడమే మంచిది, నిజంగా. గోడ కూడా కిటికీకి ఆనుకుని ఉన్న పక్క గోడ అవ్వాలి, ఎదురు గోడ అయితే అక్కడ మళ్లీ వందల లక్సే.

గాజు బుడ్డీలు. మూత ఉన్న గాజులో మొక్క పెంచడం లండన్ డాక్టర్ నథానియల్ వార్డ్ పుణ్యం, 1829 ప్రాంతంలో మూసిన సీసాలో ఫెర్న్ మొలిచి బతకడం చూసి ఆయన మొక్కలు పెంచే గాజు పెట్టెలు కనిపెట్టాడు. ఫెర్న్ తేమ కోరుకునే మొక్క. సక్యులెంట్ దానికి పూర్తిగా వ్యతిరేకం, నీరు పోకుండా పగలు ఆకు రంధ్రాలు మూసుకుని రాత్రి మాత్రమే తెరుచుకునే మొక్కని తీసుకెళ్లి తేమ నిండిన సీసాలో పెడితే కుళ్లుతుంది, అంతే. తప్పదు గాజే కావాలంటే వెడల్పు మూతి ఉన్న గిన్నె, మూత లేకుండా.

కప్పులు, డబ్బాలు, శంఖాలు అన్నిటికీ ఒకటే మాట, అడుగున చిల్లు. పింగాణీకి డైమండ్ బిట్‌తో, నీళ్లు పోస్తూ మెల్లగా వేస్తే పడుతుంది. చిల్లు బదులు అడుగున గులకరాళ్లు వేస్తే చాలు అని చెప్తారే, అది పనిచెయ్యదు. నీరు మట్టి పూర్తిగా తడిసేదాకా రాళ్లలోకి దిగదు, పైన మట్టిలోనే ఆగిపోతుంది. ఇంటికెళ్లి ఒక స్పాంజి తడిపి అడ్డంగా పట్టుకోండి, కారడం ఆగాక నిలువుగా తిప్పండి, మళ్లీ నీరు కారుతుంది. అదే స్పాంజి, ఎత్తు మారిందంతే. అంటే లోతు తక్కువ ఉన్న పళ్లెం లాంటి కుండీలో అడుగు తడిగా ఉండే వంతు ఎక్కువ, కాబట్టి కుండీ లోతు ఎంత తక్కువైతే మట్టి అంత గరుకుగా ఉండాలి.

ఒకే కుండీలో పది రకాలు కలిపి పెట్టడం నాకు పెద్దగా నచ్చదు, చూడగానే బావుంటుంది, ఒప్పుకుంటా. కానీ ఇయోనియం చల్లటి కాలంలో పెరిగి ఎండల్లో నిద్రపోతుంది, పక్కన ఉన్నది ఎండల్లో నీళ్లడుగుతుంది, ఎవరికి పోస్తారు? గులకరాయిలా కనిపించే లిథాప్స్ అయితే మరీనూ, పాత ఆకుల జంటలోని నీరు పీల్చుకుని కొత్త జంట వచ్చేటప్పుడు దానికి చుక్క నీరు పొయ్యకూడదు. దాన్ని విడిగా, దాని రంగులోనే ఉండే రాళ్ల మధ్య పెట్టండి. 1811లో విలియం బర్చెల్ అనే ఇంగ్లీషు ప్రకృతి శాస్త్రవేత్త దక్షిణాఫ్రికాలో దాన్ని మొదట చూసినప్పుడు వింత గులకరాయి అనుకునే చేతిలోకి తీసుకున్నాడు, మీ ఇంటికొచ్చినవాళ్లు కూడా అలా మోసపోతే మీ డిస్‌ప్లే పాసైనట్టే. రాళ్లు మాత్రం జిగురుతో అతికించినవి వద్దు, కొన్నప్పుడే అలా ఉంటే ఇంటికి రాగానే ఊడగొట్టండి. రంగులు పూసిన కాక్టస్‌లు కూడా కొనకండి, పెయింట్ కింద మొక్కకి వెలుగు అందదు.

యుఫోర్బియా జాతివి విరిస్తే పాలు కారతాయి, అవి కంట్లో పడితే చాలా ప్రమాదం, పిల్లలూ పిల్లులూ ఉన్న ఇంట్లో పై అరలోనే ఉంచండి.

అర అన్నాను కాబట్టి, పుస్తకాల అలమరలో పెట్టాలనుకునేవాళ్లు పై అర అడుగు భాగానికి ఎల్ఈడీ గ్రో లైట్ (మొక్కలు పెరగడానికి వాడే దీపం) పట్టీ అతికించి, మొక్కకి ఒక అడుగు లోపు ఎత్తులో, టైమర్‌తో రోజుకి 12 నుంచి 14 గంటలు వెలిగించండి. ఊదా రంగువి కాకుండా తెల్లవే తీసుకోండి, ఊదా వెలుగులో మొక్క రంగే కనపడదు, ఇక డిస్‌ప్లే ఏముంది.

సరే, ప్రశ్నలుంటే అడగండి. నేను తెచ్చిన ఫ్రేమ్, కుండీలు ఇక్కడే టేబుల్ మీద ఉన్నాయి, ఎత్తి చూడొచ్చు, తిప్పి అడుగున చిల్లులు చూడొచ్చు. ఎచెవెరియా ఆకుల మీద మాత్రం వేలు పెట్టకండి, ఆ తెల్లటి పొడి మొక్కకి ఎండ నుంచి రక్షణ, ఒకసారి చెరిగితే ఆ ఆకుకి మళ్లీ రాదు.