బండ కోయించే ముందు పొయ్యి ఇంటికి రావాలి

(దృశ్యం: అనంతపురంలో ఒక పాత ఇల్లు. వంటగది గోడకు సగం టైల్స్ ఊడదీశారు. గట్టు మీద కడప బండ, దాని మీద చాక్‌పీసుతో గీసిన గీత.)

"అక్కా, పొయ్యికి ఎంత కోయల్ల?"

వంటగది మార్పించే ఇంట్లో మేస్త్రి ఈ మాట అడిగేసరికి చాలామంది ఇంకా పొయ్యి కొనే ఉండరు. "అందరికీ కోసినట్టే కోయప్పా" అంటారు. దయచేసి ఆ మాట అనొద్దు. బండలోకి దిగే పొయ్యిని హాబ్ అంటారు. ఒకే కంపెనీలో కూడా మోడల్ మారితే కోత కొలత మారుతుంది. పైన కనిపించే గాజు పెద్దగా ఉంటుంది, లోపలికి దిగే పెట్టె చిన్నగా ఉంటుంది. కోయాల్సింది పెట్టె కొలతకు. పొయ్యి తెచ్చి మేస్త్రి ముందర పెట్టండి, లేదా కంపెనీ ఇచ్చే కోత కాగితమైనా చేతికివ్వండి.

(దగ్గరి దృశ్యం: కోత మూల నుంచి బండ అంచు దాకా పాకిన సన్నని చీలిక.)

ఈ చీలిక చూడండి. కడప బండ సున్నపురాయి జాతి, పొరలు పొరలుగా ఉంటుంది. రెండడుగుల గట్టులో పెద్ద కోత పెడితే ముందూ వెనకా మిగిలేది కొన్ని అంగుళాల పట్టీ. మూలను పదునుగా కోస్తే అక్కడి నుంచే చీలుతుంది. మూల గుండ్రంగా తిప్పమనండి, పట్టీల కింద ఆధారం పెట్టించండి. ఇంకో సంగతి, ఈ రాయి మీద చింతపండు పులుసు, నిమ్మరసం ఒలికితే మరక పడుతుంది. పొయ్యి చుట్టూ గ్రానైట్ వేయించుకుంటే ఆ బాధ ఉండదు.

హాబ్ కావాలా, గట్టు మీద పెట్టే మామూలు స్టవ్ కావాలా? మన వంటను బట్టి చెప్తాను.

(దృశ్యం: రాగి సంగటి కెలుకుతున్న చేతులు. ఒక చేత్తో పట్టుకారు, ఒక చేత్తో కట్టె.)

సంగటి గట్టిపడే కొద్దీ కట్టె మీద ఒళ్లంతా బరువు వేయాలి. గట్టు ఎత్తు, దాని మీద స్టవ్ ఎత్తు, ఆపైన గిన్నె ఎత్తు కలిస్తే భుజం పైకి లేస్తుంది, బలం చేతికి అందదు. హాబ్ అయితే కొన్ని అంగుళాలు తగ్గుతుంది. కానీ ఆ తోపుడుకు గిన్నె జరగకూడదు, కింద గాజు ఉంది. అందుకే నాకు నచ్చిన దారి మూడోది: పొయ్యి వచ్చే చోట గట్టునే నాలుగైదు అంగుళాలు దించి కట్టించి, దాంట్లో మామూలు స్టీలు స్టవ్ పెట్టడం. కోత లేదు, ఎత్తూ తగ్గుతుంది. పదేళ్లకు స్టవ్ పాడైతే ఇంకోటి తెచ్చి పెట్టుకోవచ్చు. పక్క సందుల్లో చెత్త పడుతుంది, రోజూ తుడవాల్సిందే. హాబే కావాలంటే బరువైన పోత ఇనుప స్టాండ్లు ఉన్నది తీసుకోండి.

అంగడికి పోయేటప్పుడు మీ సంగటి గిన్నె, జొన్నరొట్టెల పెనం సంచిలో వేసుకుని పోండి. మొహమాటపడొద్దు. పెనం ఒక బర్నర్ మీద, గిన్నె ఇంకో దాని మీద పెట్టి చూడండి. నాలుగు బర్నర్ల పొయ్యి మీద పెనం పెట్టగానే పక్క రెండూ మూసుకుపోవడం అక్కడే కనిపిస్తుంది. నలుగురున్న ఇంటికి దూరదూరంగా ఉన్న మూడు బర్నర్లు చాలు. పెనం రెండు బర్నర్లను కప్పితే వేడి కిందికి మళ్లి గాజు పగలొచ్చు కూడా.

మంట ఎంత పెద్దదైతే అంత మంచిదనుకోవద్దు. 3 కిలోవాట్ల బర్నర్‌ను పూర్తిగా తిప్పితే గంటకు దాదాపు 220 నుంచి 240 గ్రాముల గ్యాస్ కాలుతుంది. 14.2 కిలోల సిలిండర్ అట్లా 60-65 గంటలకు మించి రాదు. మంట గిన్నె అంచు దాటి పైకి లేచిందంటే ఆ గ్యాస్ గాలికి పోయినట్టే. మామూలు స్టవ్ అయితే ఐఎస్‌ఐ గుర్తు, ఐఎస్ 4246 అన్న అంకె చూడండి.

విదేశాల నుంచి తెచ్చినదో, పైపు గ్యాస్‌కు చేసినదో పొయ్యి అయితే ఒక్క జాగ్రత్త. మన సిలిండర్‌లో ఉండేది ప్రొపేన్, బ్యూటేన్ కలిసిన గ్యాస్. బర్నర్‌లోకి గ్యాస్ వదిలే చిన్న ముక్కును జెట్ అంటారు. పైపు గ్యాస్ జెట్ రంధ్రం దీనికి చాలా పెద్దది. మంట పసుప్పచ్చగా లేచి గిన్నెలు మసిబారతాయి, విషవాయువూ పుడుతుంది. ఎల్‌పీజీ జెట్లు వేయించాకే వెలిగించండి.

(దృశ్యం: కిటికీ రెక్క కొట్టుకుంటోంది. పొయ్యి మంట ఒరిగి ఆరిపోతుంది.)

ఆషాఢం గాలి సంగతి మన అనంతపురం వైపు వాళ్లకు చెప్పాలా? రామగిరి కొండల మీద గాలిమరలు పెట్టింది ఆ గాలి చూసే. కిటికీ పక్కన పొయ్యి ఉంటే సిమ్‌లో పెట్టిన పప్పు కింద మంట ఆరిపోతుంది, గ్యాస్ మాత్రం వస్తూనే ఉంటుంది. అందుకే మంట ఆరితే గ్యాస్ ఆపే ఏర్పాటు ఉన్న పొయ్యి అడగండి. అంగట్లో ఎఫ్ఎఫ్‌డీ అంటారు. బర్నర్ పక్కన చిన్న పుల్లలాంటిది ఉంటుంది. అది వేడిగా ఉన్నంతసేపు కొద్దిపాటి కరెంటు పుట్టి వాల్వును తెరిచి ఉంచుతుంది. మంట ఆరి అది చల్లబడగానే వాల్వు మూసుకుంటుంది. వెలిగించేటప్పుడు నాబ్‌ను కొన్ని సెకన్లు నొక్కి పట్టాలి, అంతే ఇబ్బంది. వెయ్యి రెండువేలు ఎక్కువైనా నేను దీనికే ఖర్చు పెట్టమంటాను, గాజు మీద పువ్వులకు కాదు.

సిలిండర్‌ను గట్టు కింద అరలో పెడితే తలుపుకు కింది భాగంలోనే రంధ్రాలు పెట్టించండి. ఈ గ్యాస్ గాలికంటే బరువు, లీకైతే నేలమీదే పేరుకుంటుంది. పైన మాత్రమే జాలీ పెట్టిస్తే లాభం లేదు. సిలిండర్ నిలబడే ఉండాలి, పొయ్యి దానికంటే ఎత్తులో ఉండాలి. రబ్బరు పైపు ఒకటిన్నర మీటరు దాటకూడదు, గోడలోంచి పోకూడదు, డ్రాయర్ల వెనక దాక్కోకూడదు. సిలిండర్ బయట పెట్టాలంటే గోడలో రాగి పైపు వేయించండి. గ్యాస్ ఏజెన్సీలో సురక్ష పేరుతో ఇచ్చే రబ్బరు పైపును అయిదేళ్లకొకసారి మార్చాలి, తేదీ దాని మీదే ఉంటుంది.

(దృశ్యం: సబ్బు నురుగును పైపు అతుకు మీద రాస్తున్న వేలు. ఒక చోట బుడగ ఉబ్బుతుంది.)

బిగించి పోయేలోపే ఆ మనిషి చేత ప్రతి అతుకుకూ సబ్బు నురుగు రాయించండి. బుడగ లేస్తే మళ్లీ బిగించాల్సిందే. ఎప్పుడైనా వాసన వస్తే నాబ్‌లు, రెగ్యులేటర్ కట్టేసి, కిటికీలు తెరిచి, ఏ స్విచ్చూ ముట్టకుండా బయటికొచ్చి గ్యాస్ లీకు సాయం నంబరు 1906కు ఫోన్ చేయండి.