తాళంచెవి లేని బండి

శ్రోతలందరికీ నమస్కారం.

ధాన్యం మిల్లుకు చేరిపోయాక ట్రాక్టరును ఇంటికి తెచ్చి పాకలో పెట్టుకుంటాం. వెనక లాగిన ట్రక్కును మాత్రం పిన్ను తీసేసి కళ్ళం దగ్గరో, రోడ్డు పక్కనో వదిలేస్తాం. మళ్ళీ ఎరువు తోలేదాకా దాని వంక చూసేవాళ్ళుండరు.

మా చిన్నాన్న ట్రక్కు అలాగే పోయింది. పొద్దున్నే వెళ్ళి చూస్తే హుక్కు కింద ఎత్తు పెట్టిన రాళ్ళు రెండు మిగిలాయి. మంచుకు తడిసిన మట్టిలో టైర్ల జాడ తారురోడ్డు దాకా వచ్చి ఆగిపోయింది. రాత్రి ట్రాక్టరు చప్పుడు విన్నవాళ్ళు ముగ్గురున్నారు. ఇంకా కోతలు నడుస్తున్న రోజులు, ఎవరిదో తోలకం అనుకుని పడుకున్నారు. వాళ్ళనేం అనగలం?

ట్రక్కుకు ఇంజను లేదు, తాళంచెవి లేదు. ఏ ట్రాక్టరు వచ్చి పిన్ను దూర్చినా కదిలిపోతుంది. అందుకే ముందు ఆ పిన్ను దూరే కంతను మూసేయాలి. దళసరి తాళం ఆ కంతలోనుంచే వేయండి. చక్రం రేకు కంతల్లోనుంచి గొలుసు పోనిచ్చి ఇరుసుకు బిగించండి. గొలుసు నేలకు వేలాడకూడదు. నేలకు ఆనితే కట్టరు మీద ఒంటి బరువంతా మోపి తెంచేస్తారు. హుక్కును గోడవైపు తిప్పి పెడితే ట్రాక్టరు దాని ముందుకు రావడానికి దారే ఉండదు. నెలల తరబడి వాడరనుకుంటే ఇరుసు కింద గట్టి దుంగలు పేర్చి, ఒక చక్రం విప్పి ఇంట్లో పెట్టుకోండి. పిల్లల్ని మాత్రం దాని కిందికి పోనివ్వకండి.

స్టేషన్లో మొదట అడిగింది ట్రక్కు నంబరు. చిన్నాన్న ట్రాక్టరు నంబరు చెప్పాడు. ట్రక్కును మనం ట్రాక్టరుకు తోక అనుకుంటాం గానీ, 1988 మోటారు వాహనాల చట్టం దాన్నీ ఒక వాహనంగానే లెక్కిస్తుంది. దాని రిజిస్ట్రేషను దానిదే, చట్రం మీద కొట్టిన ఛాసిస్ నంబరు దానిదే. ఆ నంబరు మీది మట్టి తుడిచి ఫోనులో ఫొటో తీసుకోండి. రంగు ఒక్క రాత్రిలో మారిపోతుంది. అందుకని ఇరుసు అడుగున, మీకు మాత్రమే తెలిసిన చోట, వెల్డింగుతో ఒక గుర్తు పెట్టించండి.

బీమా సంగతి కూడా చూసుకోండి. ట్రాక్టరు పాలసీలో ట్రక్కు దానంతటది చేరదు, విడిగా రాయించి ప్రీమియం కట్టాలి. ఎదుటివాళ్ళకు జరిగిన నష్టానికే పనికొచ్చే థర్డ్ పార్టీ పాలసీ దొంగతనానికి పైసా ఇవ్వదు.

బండి పోతే పోలీసులు మా పరిధి కాదంటారేమోనని ఆగకండి. 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న కొత్త చట్టం ప్రకారం నేరం ఎక్కడ జరిగినా ఏ స్టేషన్లోనైనా ఫిర్యాదు తీసుకోవాలి, ఎఫ్ఐఆర్ నకలు ఉచితంగా ఇవ్వాలి.

ఇక రాత్రిపూట కళ్ళాల వైపు ట్రాక్టరు చప్పుడు వినిపించి అనుమానం కలిగితే, ఒంటరిగా ఎదురు వెళ్ళకండి. ఇరుగుపొరుగును లేపండి, 112కి ఫోను చేయండి, ఏ దారిన పోతోందో చూసి చెప్పండి.

సెలవు.