స్టెంట్ వేయడం సేఫే, కానీ ఎవరికి? స్టూడియో చర్చ

(స్టూడియోలో: యాంకర్, ఒక ఇంటర్వెన్షనల్ కార్డియాలజిస్ట్, ఒక జనరల్ ఫిజీషియన్, క్యాథ్‌ల్యాబ్‌లో (యాంజియో చేసి స్టెంట్ వేసే గదిలో) పనిచేసే సీనియర్ స్టాఫ్ నర్సు. ఫోన్‌లో ప్రేక్షకులు.)

యాంకర్: నమస్కారం. స్టెంట్ అంటే మూసుకుపోయిన గుండె రక్తనాళం తెరిచి ఉండేలా లోపల పెట్టే సన్నటి లోహపు జాలీ గొట్టం. ఇవాళ ఏ వీధిలో చూసినా స్టెంట్ వేయించుకున్నవాళ్లు ఒకరిద్దరు ఉన్నారు. చాలామంది హాయిగా తిరుగుతున్నారు కూడా. అయినా డాక్టర్ ఆ మాట అనగానే ఇంట్లో టెన్షన్ మొదలవుతుంది. టేబుల్ మీద ఏమైనా అవుతుందేమోనన్న భయం ఒకటి, అసలు అవసరమేనా అన్న అనుమానం ఇంకొకటి. కార్డియాలజిస్ట్ గారూ, ముందు భయం సంగతి చూద్దాం. ఏమైనా అవుతుందా?

కార్డియాలజిస్ట్: అవ్వచ్చు. ఏమీ కాదని గ్యారంటీ ఇచ్చే డాక్టర్ దగ్గర ఇంకో రెండు ప్రశ్నలు ఎక్కువే అడగండి. కాకపోతే అది ఎంత అరుదో కూడా తెలియాలి. సన్నటి ట్యూబు పంపి, డై ఎక్కించి, బ్లాక్‌లు ఎక్కడున్నాయో ఎక్స్‌రేలో చూస్తామే, ఆ యాంజియోగ్రామ్ వరకే అయితే ప్రాణాపాయం వెయ్యి మందిలో ఒకరికి, లేదా అంతకన్నా తక్కువ. స్టెంట్ వేసేటప్పుడు కొంచెం పెరుగుతుంది. కానీ హార్ట్ ఎటాక్ వచ్చి, బీపీ పడిపోయి, ఒళ్లు చల్లబడి వచ్చిన మనిషి లెక్క వేరు. అలాంటివాళ్లలో ఇప్పటికీ పది మందిలో నలుగురైదుగురు దక్కడం లేదు. అక్కడ ప్రమాదం మా ట్యూబుతో వచ్చింది కాదు, జబ్బుతో వచ్చింది. ఈ రెండు రకాల పేషెంట్లనీ ఒకే గాట కట్టి ‘స్టెంట్ వేస్తే పోయాడట’ అంటుంటారు.

యాంకర్: మొదట్లో ఇంకా కష్టంగా ఉండేదంటారు.

కార్డియాలజిస్ట్: 1977 సెప్టెంబర్ 16న జ్యూరిక్‌లో ఆండ్రియాస్ గ్రూయెంట్జిగ్ మొదటిసారి మెలకువగా ఉన్న మనిషి గుండె రక్తనాళంలో బెలూన్ ఉబ్బించారు. నాళం చీలి మూసుకుపోతే వెంటనే ఛాతీ తెరవడానికి సర్జన్లు సిద్ధంగా ఉండాల్సి వచ్చేది. ఇప్పుడలా ఉన్నపళంగా బైపాస్‌కు పరిగెత్తించే అవసరం నూటికి ఒకరికి కూడా రావడం లేదు. ఇంకోటి, ఉత్త బెలూన్‌తో తెరిచినప్పుడు దాదాపు మూడోవంతు మందికి ఆరు నెలల్లో మళ్లీ సన్నబడేది. మందు పూత ఉన్న స్టెంట్లతో అది నూటికి ఐదు నుంచి పది వరకు దిగింది. మన హైదరాబాద్‌కీ ఇందులో వాటా ఉందండోయ్. 1990లలో అబ్దుల్ కలాం గారు, డాక్టర్ సోమరాజు గారు కలిసి తక్కువ ఖర్చులో స్టెంట్ తయారు చేయించారు. కలామ్-రాజు స్టెంట్ అని పేరు.

యాంకర్: సిస్టర్, మీరు రోజూ చూస్తుంటారు. పేషెంట్లు దేనికి ఎక్కువ భయపడతారు?

నర్సు: నిజం చెప్పాలంటే గుండె కన్నా తొడ గురించే ఎక్కువ అడుగుతారు సార్. ‘గజ్జల్లో పొడుస్తారటగా, కాలు కదపకూడదటగా’ అని. ఇదివరకు ఎక్కువగా అక్కడి నుంచే వెళ్లేవాళ్లు. ట్యూబు తీశాక చేత్తో గట్టిగా నొక్కి పట్టుకునేవాళ్లం, ఆ తర్వాత గంటల తరబడి కాలు చాపుకునే పడుకోవాలి. లోపల్లోపలే రక్తం కారి నడుము దాకా నల్లగా కమిలిన కేసులు కూడా చూశాం. ఇప్పుడు చాలావరకు మణికట్టు నుంచే. అయిపోయాక చేతికి బ్యాండ్ కట్టి సిరంజితో గాలి ఎక్కిస్తాం. గంటా రెండు గంటలయ్యాక కొంచెం కొంచెంగా గాలి తీస్తూ, రక్తం ఊరుతోందేమో చూసుకుంటాం. మనిషి లేచి కూర్చుని ఇడ్లీ తింటూ ఉంటాడు.

కార్డియాలజిస్ట్: అది సుఖం కోసమే కాదు. మణికట్టు నుంచి చేస్తే రక్తస్రావం తగ్గుతుందని వేల మంది మీద చేసిన పరీక్షల్లో తేలింది. హార్ట్ ఎటాక్ కేసుల్లో మరణాలు కూడా తగ్గాయి.

నర్సు: ఒక్కమాట సార్. డై ఇచ్చేటప్పుడు కొందరికి ఒళ్లంతా వేడి పాకినట్టు ఉంటుంది, మూత్రం వచ్చేసిందేమో అనుకుని సిగ్గుపడతారు. అది మామూలే. కానీ షుగర్ ఉన్నవాళ్లు, కిడ్నీ వీక్‌గా ఉన్నవాళ్లు ఆ రిపోర్టు ముందే చూపించాలి. కిడ్నీ పనితీరు చెప్పే క్రియాటినిన్ ఎక్కువుంటే ముందు సెలైన్ పెడతాం, డై వీలైనంత తక్కువ వాడతారు. మెట్‌ఫార్మిన్ లాంటి షుగర్ మాత్రలు ఆపాలో వద్దో కూడా అప్పుడే చెబుతారు. ఇంటి నుంచి వచ్చేటప్పుడు మందుల చీటీ తెచ్చుకోరు, ‘ఎర్ర మాత్ర, తెల్ల మాత్ర’ అంటారు. ఎలా తెలుస్తుంది మాకు?

యాంకర్: ఫిజీషియన్ గారూ, మీరు ఇందాకటి నుంచి నవ్వుతున్నారు.

ఫిజీషియన్: సేఫ్ అన్న దగ్గర నాకు పేచీ లేదు. చిక్కల్లా ఆ మాట నుంచే మొదలవుతోంది. ప్రమాదం తక్కువ కదా, వేసేస్తే పోలా అంటారు. ప్రమాదం తక్కువైతే చాలదు, లాభం ఉండాలి. హార్ట్ ఎటాక్ నడుస్తున్నప్పుడు లాభం ఎవరూ కాదనలేరు. 2003లో 23 పరీక్షలను కలిపి లెక్క వేశారు. గడ్డ కరిగించే ఇంజెక్షన్ ఇచ్చినవాళ్లలో నూటికి తొమ్మిది మంది పోతే, వెంటనే యాంజియోప్లాస్టీ చేసినవాళ్లలో, అంటే బెలూన్‌తో నాళం తెరిచినవాళ్లలో, ఏడుగురు. తేడా చిన్నదిగా కనిపిస్తుంది గానీ, వంద మందిలో ఇద్దరి ప్రాణాలండీ అవి. కాబట్టి అప్పుడు ప్రశ్నలు అడుగుతూ కూర్చోకూడదు, సంతకం పెట్టేయాలి.

యాంకర్: మరి ఎప్పుడు అడగాలి?

ఫిజీషియన్: మెట్లెక్కితే కొంచెం నొప్పి, కూర్చుంటే తగ్గిపోతుంది, నెలల తరబడి అలాగే ఉంది. లేదా నొప్పే లేదు, హెల్త్ చెకప్‌లో ఏదో తేడా కనబడింది. ఇలాంటివాళ్ల గురించే నా గొడవ. ఇస్కీమియా అని పెద్ద పరీక్ష జరిగింది, 37 దేశాల్లో 5,179 మంది మీద. సగం మందికి మందులతో పాటు యాంజియో చేసి స్టెంటో, బైపాసో. మిగతా సగానికి ముందు మందులే. సుమారు మూడేళ్లు చూశాక మొదటి గుంపులో 145 మంది, రెండో గుంపులో 144 మంది చనిపోయారు.

యాంకర్: ఒక్కరే తేడానా!

ఫిజీషియన్: ఒక్కరే. ‘స్టెంట్ వేయకపోతే ఎప్పుడు ఏమవుతుందో చెప్పలేం’ అని ఇలాంటి పేషెంట్‌తో అంటే అది సలహా కాదు, బెదిరింపు.

కార్డియాలజిస్ట్: ఆగండి, ఆ పరీక్షలో ఎవరిని చేర్చుకోలేదో కూడా చెప్పాలి. ఎడమ వైపు ప్రధాన నాళంలో పెద్ద బ్లాక్ ఉన్నవాళ్లు లేరు. గుండె పంపింగ్ బాగా పడిపోయినవాళ్లు లేరు. మందులు వాడినా నొప్పి ఆగనివాళ్లు లేరు. వీళ్లు కూడా ఆ 145, 144 అంకెలు పట్టుకుని ఇంట్లో కూర్చుంటే నాకు భయం.

ఫిజీషియన్: ఒప్పుకుంటాను.

కార్డియాలజిస్ట్: పైగా ఆయుష్షు ఒక్కటేనా లెక్క? పొలానికి నడవలేకపోతున్నాడు, మూడు రకాల మాత్రలు మింగినా నొప్పి వస్తోంది. స్టెంట్ వేస్తే నడుస్తాడు. అది లాభం కాదా? నొప్పి తరచుగా వచ్చేవాళ్లకు ఉపశమనం బాగా ఉందని అదే ఇస్కీమియా పరీక్ష చెప్పింది.

ఫిజీషియన్: లాభమే. కానీ ఆ ఉపశమనంలో నమ్మకం వాటా ఎంతో కూడా లండన్ వాళ్లు తేల్చారు. ఆర్బిటా అని, 2017లో వచ్చింది. 200 మందికి మత్తిచ్చి, చెవులకు హెడ్‌ఫోన్ పెట్టి, పాటలు వినిపిస్తూ సగం మందికి నిజంగా స్టెంట్ వేశారు, సగం మందికి వేసినట్టు నటించారు. ఆరు వారాల తర్వాత ట్రెడ్‌మిల్ మీద నడిపిస్తే రెండు గుంపుల మధ్య చెప్పుకోదగ్గ తేడా రాలేదు.

కార్డియాలజిస్ట్: 2023లో అదే బృందం రెండో పరీక్ష చేసింది కదండీ. ఈసారి నొప్పి మాత్రలు ఆపించి చూశారు. స్టెంట్ వేసినవాళ్లలో పది మందిలో నలుగురికి నొప్పి పూర్తిగా పోయింది. నటించిన గుంపులో నూటికి పదిహేను మందికే.

ఫిజీషియన్: అంటే మిగతా ఆరుగురికి స్టెంట్ వేశాక కూడా నొప్పి ఉన్నట్టే! అది కూడా పేషెంట్‌కి ముందే చెప్పండి అంటున్నా.

యాంకర్: ఒక మామూలు మనిషిగా అడుగుతా. 90 శాతం బ్లాక్ అని తెర మీద చూపించాక మాత్రలు మింగుతూ ఎలా నిద్రపోతాం?

ఫిజీషియన్: అది నల్లా పైపు కాదండీ, తుప్పు గీకేస్తే పనైపోయిందనుకోవడానికి. చాలా హార్ట్ ఎటాక్‌లు సగం మాత్రమే మూసుకున్న చోట, అక్కడి కొవ్వు పొర చిట్లి, దాని మీద రక్తం గడ్డకట్టడం వల్ల వస్తాయి. స్టెంట్ ఒక్క చోటును సరిచేస్తుంది. కొలెస్ట్రాల్ తగ్గించే స్టాటిన్ మాత్ర, బీపీ అదుపు, సిగరెట్ మానడం నాళాలన్నిటి మీదా పనిచేస్తాయి. కానీ మాత్రకు స్టెంట్‌కున్న గ్లామర్ లేదు కదా.

కార్డియాలజిస్ట్: 90 శాతం అయితే కంటికే తెలుస్తుంది. 50, 60, 70 దగ్గర కంటి లెక్క మోసం చేస్తుంది. సన్నటి ప్రెషర్ వైరు లోపలికి పంపి, బ్లాక్‌కు ఇవతలి ఒత్తిడిలో అవతలికి ఎంత వంతు అందుతోందో కొలవచ్చు. 0.80 కన్నా ఎక్కువ వస్తే సాధారణంగా స్టెంట్ అక్కర్లేదు. దానికి కొంచెం టైము, కొంచెం ఖర్చు. అందరూ చేయరు, అది మాత్రం నిజం.

యాంకర్: సిస్టర్, బంధువులను లోపలికి పిలిచి ఇప్పుడే చెప్పండి అంటారట కదా?

నర్సు: జరుగుతుంది సార్. మనిషి టేబుల్ మీద ఉంటాడు, చేతిలో ట్యూబు ఉంటుంది. కొడుకునో అల్లుడినో తలుపు దగ్గరికి పిలిచి తెర చూపిస్తారు. వాళ్లకు ఆ నల్ల గీతల్లో ఏమీ అర్థం కాదు, మా మొహాల వైపు చూస్తారు. ఎమర్జెన్సీ అయితే తప్పదు. కానీ అర్జెంటు కాని కేసులో యాంజియోకీ, స్టెంట్‌కీ ముందు రోజే కలిపి మాట్లాడి ఉంచితే ఆ గాభరా ఉండదు.

కార్డియాలజిస్ట్: ఒకేసారి చేస్తే రెండోసారి పొడిచే బాధ, డై, ఖర్చు తగ్గుతాయి. అందుకే చేస్తాం.

ఫిజీషియన్: ఆలోచించుకునే వ్యవధి కూడా తగ్గుతుంది మరి. 2024 నవంబర్‌లో అహ్మదాబాద్‌లో ఏమైంది? ఊళ్లో ఉచిత శిబిరం పెట్టి, 19 మందిని బస్సులో ఎక్కించుకుపోయి యాంజియో చేశారు. ఏడుగురికి స్టెంట్లు వేశారు. ఇద్దరు చనిపోయారు, ఆ ప్రైవేట్ ఆసుపత్రి వాళ్ల మీద పోలీసు కేసులయ్యాయి. ప్రభుత్వ కార్డు మీద డబ్బులు వస్తాయన్న ఆశ ఎంత దూరం తీసుకెళ్తుందో చూడండి. మన దగ్గర 2007లో ఆరోగ్యశ్రీ వచ్చాక పేదవాడికి క్యాథ్‌ల్యాబ్ తలుపు తెరుచుకుంది, ఆ మేలు చిన్నది కాదు. రిపోర్టులు పంపి ముందస్తు అనుమతి తీసుకోవాలన్న నియమాన్ని ఆసుపత్రులు విసుక్కుంటాయి గానీ, నేనైతే అది ఉండాల్సిందే అంటాను.

కార్డియాలజిస్ట్: ఉండాలి. 2017లో కేంద్రం స్టెంట్ ధరకు కళ్లెం వేయడం కూడా మంచిదే. లక్ష దాటి అమ్మిన మందు పూత స్టెంట్ ఒక్క దెబ్బకు 29,600కు దిగింది.

యాంకర్: ఫోన్‌లో జనగామ నుంచి ఒకరున్నారు. చెప్పండమ్మా.

కాలర్: నమస్తే సార్. మా నాన్నకు హార్ట్ ఎటాక్ వస్తే నాలుగు నెలల కింద స్టెంట్ వేసిన్రు. ఇప్పుడు పన్ను తీయాలంట. రక్తం పలచబడే గోలీలు రెండూ వారం ముందే బంద్ చేయుమన్నడు పళ్ల డాక్టర్. చేయొచ్చునా?

కార్డియాలజిస్ట్: చేయకండమ్మా. ఇవాళ వేసుకున్నారా?

కాలర్: ఇయ్యాల వేసుకున్నడు సార్.

కార్డియాలజిస్ట్: మంచిది. స్టెంట్ వేశాక అసలు ప్రమాదం ఇదే. లోపల లోహం మీద పల్చటి పొర పూర్తిగా పెరిగేదాకా అక్కడ రక్తం గడ్డకట్టే వీలుంది. ఒక్కసారి స్టెంట్ మూసుకుపోతే అది మామూలు బ్లాక్ కాదు, పెద్ద హార్ట్ ఎటాక్. అందుకే ఎటాక్ వచ్చినవాళ్లకు ఆస్పిరిన్, దానికి తోడు రెండో మాత్ర సాధారణంగా ఏడాది ఇస్తాం. రక్తస్రావం అయ్యే గుణం ఉన్నవాళ్లకు ముందే తగ్గిస్తాం, అది కూడా స్టెంట్ వేసిన డాక్టరే తేల్చాలి. ఒక పన్ను తీయడానికి మామూలుగా ఇవి ఆపక్కర్లేదు. దూది అదిమిపెట్టి, అవసరమైతే కుట్టు వేసి రక్తం ఆపుకోవచ్చు. మీ పళ్ల డాక్టర్‌ని, మీ గుండె డాక్టర్‌ని ఒకసారి ఫోన్‌లో మాట్లాడుకోమనండి.

ఫిజీషియన్: ఇంకొందరు ఎవరికీ చెప్పకుండా ఆపేస్తారు. ‘ఒంట్లో బాగానే ఉంది కదా సార్’ అంటారు. మాత్ర వేసుకుంటున్నందువల్లే బాగుందన్నది తట్టదు.

యాంకర్: క్యాథ్‌ల్యాబ్ దగ్గర్లో లేని ఊళ్ల సంగతి? ఏటూరునాగారంలోనో, పాడేరులోనో అర్ధరాత్రి నొప్పి వస్తే?

కార్డియాలజిస్ట్: ఆసుపత్రి గడప తొక్కిన 90 నిమిషాల్లోపు బెలూన్ పడాలన్నది మా లెక్క. రెండు గంటల్లోపు క్యాథ్‌ల్యాబ్ అందదంటే కారెక్కి హైదరాబాదో, వైజాగో బయల్దేరడం తప్పు. దగ్గరి ప్రభుత్వాసుపత్రిలో ఈసీజీ తీయించి, గడ్డ కరిగించే టెనెక్టెప్లేస్ ఇంజెక్షన్ వేయించుకుని, ఆ తర్వాత అంబులెన్స్‌లో బయల్దేరాలి. గ్యాస్ అనుకుని సోడా తాగుతూ గడిపే రెండు గంటలు మా దగ్గర ఎంత మంచి మెషీన్ ఉన్నా తిరిగి రావు.

యాంకర్: ఛాతీ కోయకుండా వాల్వు మార్చడం గురించి కూడా చాలామంది అడుగుతున్నారు.

కార్డియాలజిస్ట్: టావీ. 2002లో ఫ్రాన్స్‌లోని రువాన్‌లో అలాన్ క్రిబియే మొదలుపెట్టారు. డెబ్బై ఐదు దాటి, బృహద్ధమని వాల్వు గట్టిపడి సన్నబడినవాళ్లకు గొప్ప వరం. కొందరికి తర్వాత పేస్‌మేకర్ కావాల్సి వస్తుంది. ధర మాత్రం ఇంకా లక్షల్లోనే ఉంది. దానికి వేరే ఎపిసోడ్ పెట్టండి.

యాంకర్: చివరి కాల్, డల్లాస్ నుంచి. చెప్పండి.

కాలర్: నమస్కారమండీ. నాన్నగారు గుంటూరులో ఉంటారు, 68. నొప్పేమీ లేదు. చెకప్‌లో ట్రెడ్‌మిల్ తేడా వచ్చిందని యాంజియో చేశారు. 80 శాతం ఒక బ్లాక్ అట. రేపటికల్లా స్టెంట్‌కి ఓకే చెప్పమంటున్నారు. తమ్ముడు వాట్సాప్‌లో రిపోర్టు పెట్టాడు, నాకు తల తిరుగుతోంది.

ఫిజీషియన్: నొప్పి లేదు, ఎటాక్ రాలేదు. అలాంటప్పుడు ‘రేపటికల్లా’ అన్న గడువు ఎందుకో అడగండి.

కార్డియాలజిస్ట్: బ్లాక్ ఏ నాళంలో, ఎక్కడుందో చూడాలి. ఎడమ ప్రధాన నాళమైతే నేను కూడా తొందరపెడతాను. పంపింగ్ శాతం ఎంతో ఎకో రిపోర్టులో ఉంటుంది, అది కూడా చూడాలి. ఈ రెండూ బాగుంటే మందులు మొదలుపెట్టి, ఇంకో కార్డియాలజిస్ట్‌కి చూపించుకునే టైము మీకు ఉంది. వాట్సాప్‌లో పెట్టిన కాగితం చూసి నేనైనా, ఇంకెవరైనా తేల్చలేం. యాంజియో వీడియో కావాలి.

కాలర్: అది ఇస్తారా అండీ?

నర్సు: ఇస్తారండీ, అడగాలి అంతే. యాంజియో సీడీ అని అడగమనండి మీ తమ్ముడిని. ఇప్పుడు కొన్నిచోట్ల పెన్‌డ్రైవ్‌లో కూడా ఇస్తున్నారు. డిశ్చార్జ్ కాగితాలతో పాటు అప్పుడే తీసుకుని, అక్కడే ఓపెన్ అవుతోందో లేదో చూసుకోమనండి. మళ్లీ వారం తర్వాత వస్తే వెతకడం మాక్కూడా కష్టం.