మబ్బు పట్టినా వాన పడని గెలాక్సీలు

అందరికీ నమస్కారం. మబ్బు పట్టిందని సంబరపడేవాళ్ళు మన అనంతపురంలో ఎవరూ లేరు, నల్లగా కమ్ముకొస్తాది, ఇంతలో గాలి లేస్తాది, మబ్బు యాడికో పోతాది. ఈ పొద్దు నేను చెప్పేది కూడా అదే కథ, కాకపోతే ఇది గెలాక్సీల్లో జరిగేది, అక్కడ మబ్బు అంటే గ్యాస్, వానకు బదులు నక్షత్రాలు, మబ్బును తరిమే గాలి నడుమనున్న బ్లాక్ హోల్‌ది.

నక్షత్రం పుట్టాలంటే గ్యాస్ ఉంటే చాలదు, చల్లగా ఉండాల, దాదాపు మైనస్ 260 డిగ్రీలు. అప్పుడే తన బరువుకు తానే కుంగి ముద్ద కడతాది. బ్లాక్ హోల్ అంటే అన్నీ మింగేసేదని మనకు సినిమాలు నేర్పినాయి గానీ, నన్నడిగితే అది మింగేదానికంటే తోసేదాంతోనే అసలు గొడవ. లోపలికి పడే గ్యాస్ సుడి తిరిగి తిరిగి రాపిడికి భగ్గుమంటాది, ఆ వెలుగూ వేడీ కలిసి చుట్టూ ఉన్న గ్యాస్‌ను సెకనుకు వందల కిలోమీటర్లు, ఒక్కోచోట వేల కిలోమీటర్ల స్పీడుతో బయటికి తరుముతాయి. 2019లో ఫోటో వచ్చిందే ఎం87 అనే గెలాక్సీ నడుమనున్న బ్లాక్ హోల్, 650 కోట్ల సూర్యుళ్ళ బరువు, అయినా ఆ గెలాక్సీ మన పాత జిల్లా అంత అనుకుంటే (రెండు ముక్కలు కాకముందుది) ఇది శెనక్కాయ విత్తనమంత కూడా ఉండదు.

కళ్ళంలో శెనక్కాయలు తూర్పారబట్టేటప్పుడు చూసింటారు కదా, చేట ఎత్తి వదిలితే పొట్టు పోయి కాయ కాళ్ళకాడ పడాల, గాలి మరీ ఎక్కువైతే తాలుతో పాటు లేత కాయలు కూడా పోతాయి. మార్కేరియన్ 231 అనే గెలాక్సీలో అదే జరుగుతాంది. చల్లటి గ్యాస్ ఏడాదికి కొన్ని వందల సూర్యుళ్ళకు సరిపడేంత బయటికి పోతాందని 2010లో తేలింది, కొత్త నక్షత్రాలకు ఖర్చయ్యేదానికంటే గాలికి పోయేదే ఎక్కువ, ఇట్లే పోతే ఒక కోటి ఏండ్లకు గాదె ఖాళీ.

పెర్సియస్ క్లస్టర్ అనే గెలాక్సీల గుంపులో పద్ధతి వేరు. అక్కడి గ్యాస్ కోట్ల డిగ్రీల వేడి, నడుమనున్న బ్లాక్ హోల్ దాన్ని తరమదు, జెట్‌లతో, అంటే జోరుగా చిమ్మే సన్నటి ధారలతో, పెద్ద పెద్ద బుడగలు ఊది చల్లారనీకుండా చేస్తాది, పొయ్యి కింద సన్నమంట ఆరిపోకుండా పెట్టినట్టు.

అట్లని బ్లాక్ హోల్‌ను పూర్తిగా తిట్టలేం. సెంటారస్ ఏ గెలాక్సీలో జెట్ పోయే దారి పక్కనే వయసులో చిన్న నక్షత్రాలు కనపడతాయి, ఆ తాకిడికి గ్యాస్ నలిగి ముద్దకట్టి పుట్టినవే. ఏప్రిల్, మే నెలల్లో రాత్రిపూట టౌన్ లైట్లు లేని చోటికి పోయి మంచి బైనాక్యులర్‌తో దక్షిణం దిక్కు చూడండి, మసకగా చిన్న దూదిపింజ మాదిరి ఉంటాది, అదే ఆ గెలాక్సీ.