మడ్‌గార్డు విప్పితేగానీ తెలియని సంగతులు

అందరికీ నమస్కారం. ఇంగ్లండ్‌లో ఎండ కాసిన ఆదివారం అంటే పండగ లెక్క. అలాంటి పూట తుప్పు కారు కబుర్లు వినడానికి వచ్చారు, మీ ఓపికకు దండం పెట్టాలి.

నా గ్యారేజీలో ఉన్నది 1972 నాటి ఎంజీబీ రోడ్‌స్టర్. ఎంజీ అనగానే మనవాళ్లకు హెక్టర్ గుర్తొస్తుంది. ఆ పేరు ఇప్పుడు చైనా కంపెనీ చేతిలో ఉంది కానీ, నా కారు ఇంగ్లండ్‌లోని ఆబింగ్డన్‌లో పుట్టింది. 1962 నుంచి 1980 దాకా ఎంజీబీలు అయిదు లక్షలకు పైగా తయారయ్యాయి. ఈ కారుకు వేరే చాసిస్ లేదు. రేకులే దీని ఎముకలు. పైగా రోడ్‌స్టర్‌కు టాపు కూడా లేదు కాబట్టి బరువంతా డోర్ల కింద ఉండే సిల్లుల మీదే.

కొనేటప్పుడు ఆ సిల్లులు నిగనిగలాడుతున్నాయి. నేనూ మురిసిపోయాను. తర్వాత తెలిసింది, కుళ్లిన సిల్లు మీద కొత్త రేకు కప్పి, పుట్టీ రాసి, పెయింట్ కొట్టారని. పుండు మీద పౌడరు అద్దినట్టన్నమాట.

అసలు సిల్లు చూడాలంటే ముందు చక్రం మీది మడ్‌గార్డు తీయాలి. ఎందుకంటే సిల్లు ముందు కొస దాని వెనక్కి దూరి ఉంటుంది. ముందు మడ్‌గార్డులు బోల్టులతో బిగించినవే, వెనకవి వెల్డింగ్. ఇంకేముంది, గంటలో ఊడదీస్తానని కుడివైపు మొదలుపెట్టాను. మూడు వారాంతాలు పట్టింది.

మొదటి బోల్టుకే దెబ్బ తిన్నాను. మనం మిల్లీమీటర్ల పానాలతో పెరిగినవాళ్లం. పదమూడో నంబరు పానా పెడితే సరిపోయినట్టే అనిపించింది. కానీ ఆ తల అర అంగుళం, అంటే 12.7 మిల్లీమీటర్లు. ఆ 0.3 తేడా చాలు, తుప్పు బోల్టు మూలలు అరిగి గుండ్రమైపోవడానికి. చివరికి గ్రైండర్‌తో తల కోసేశాను. మర్నాడే అంగుళాల సెట్టు కొన్నాను.

మిగతా బోల్టులకు ఎసిటోన్, ఆటోమేటిక్ గేర్‌బాక్స్‌లో పోసే ఏటీఎఫ్ అనే నూనె (మామూలు గేర్ ఆయిల్ కాదండోయ్) సగం సగం కలిపి రాత్రంతా నానబెట్టాను. పొద్దున్నే విప్పబోయే ముందు ఒక పిసరు బిగించాలి. తుప్పు పట్టు చిటుక్కుమని విడిపోతుంది. అప్పుడు వెనక్కి. రాకపోతే మళ్లీ ముందుకి. బలం చూపించామా, బోల్టు విరిగి సగం లోపలే ఉండిపోతుంది.

అన్నిటికన్నా ఏడిపించినవి డోరు స్తంభం దగ్గర లోపలివైపు ఉన్నవి. డాష్‌బోర్డు కింద వెల్లకిలా పడుకుని, తల క్లచ్ పెడల్ పక్కన పెట్టి, ఒంటి చేత్తో తడుముకుంటూ విప్పాలి. కళ్లకు రక్షణ అద్దాలు తప్పనిసరి, తుప్పు పొట్టు నేరుగా కంట్లో పడుతుంది. పాత పెయింట్‌లో సీసం ఉండొచ్చు, అందుకని మాస్కు కూడా.

మడ్‌గార్డు చేతికొచ్చాక దాని వెనక చూస్తే, గట్టిపడిన బురద! చక్రం చిమ్మిన మట్టి, కుళ్లిన ఆకులు, చలికాలం రోడ్ల మీద చల్లే ఉప్పు, అన్నీ కలిసి ఏళ్ల తరబడి తడి పట్టుకుని కూర్చున్నాయి. బకెట్ నిండింది. ఇలాంటి చోట తుప్పు బయట్నుంచి లోపలికి పోదు, లోపల్నుంచే బయటికొస్తుంది. పెయింట్ మీద బుడగ కనిపించేసరికి వెనక రేకు కాగితమైపోయి ఉంటుంది. నా సిల్లులో స్క్రూడ్రైవర్ పిడి దాకా దిగింది.

వెంటనే కట్టర్ పట్టుకోబోయాను. విజయవాడ ఆటోనగర్‌లో టింకరింగ్ షెడ్డు నడిపిన మా బాబాయి అప్పుడే వీడియో కాల్‌లో ఉన్నాడు. ఎంజీబీని ఆయన జన్మలో చూడలేదు. అయినా, "ఒరే, గోడ కొట్టే ముందు దూలానికి ఊతం పెట్టవా?" అన్నాడు. నిజమే. సిల్లు కోస్తే కారు నడుము వంగుతుంది, ఆ తర్వాత డోరు మూసుకోదు. డోరు సందులు పైనా కిందా కొలిచి టేపు మీద రాసుకున్నాను. డోరు తీసి, కీళ్ల స్తంభం నుంచి లాకు స్తంభం దాకా ఇనప గొట్టం అడ్డంగా బిగించాకే కోత మొదలెట్టాను.

ఇంత యాతన ఎందుకు, 1988 నుంచి బ్రిటిష్ మోటార్ హెరిటేజ్ వాళ్లు కొత్త బాడీలే చేస్తున్నారు కదా అని మా ఆవిడ అడిగింది. ధర చెప్పాను. మళ్లీ అడగలేదు.

వచ్చే శనివారం ఎడమవైపు మడ్‌గార్డు. అర అంగుళం పానా ఉన్నవాళ్లు తెచ్చుకోండి, సన్న చేతులున్నవాళ్లు తప్పకుండా రండి. పెసరట్టు ఉప్మా మాది.