బొబ్బిలిని ఓడించింది జనవరి నెల!

నమస్తే అందరికీ! ఏటా సంక్రాంతి వెళ్లేసరికి మన విజయనగరం, బొబ్బిలి మధ్య ఒకటే గొడవ. ఒక జట్టు "విజయనగరం రాజు విజయరామరాజు పగబట్టి ఫ్రెంచి సేనాని బుస్సీని తెచ్చాడు, అందుకే బొబ్బిలి పోయింది" అంటుంది. రెండో జట్టు "ఫ్రెంచి ఫిరంగుల ముందు మట్టికోట ఎంతసేపు నిలుస్తుంది" అంటుంది. ఇన్నేళ్లుగా వాదించుకుంటున్నారు కదా, తేదీ మీద ఒక్కరైనా మాట్లాడారా? బొబ్బిలి యుద్ధం జరిగింది 1757 జనవరి 24న. జనవరి! నేను గట్టిగా చెబుతున్నాను, బొబ్బిలిని ఓడించింది ఎండిన పొలం.

కోపం తెచ్చుకోకండి, వినండి. ఫిరంగి తనంతట తాను నడిచి రాదు. ఎడ్లు లాగాలి. ఫిరంగి వెనక గుళ్ల బండి, మందుగుండు బండి, బియ్యం బండి, ఆ ఎడ్లకు గడ్డి బండి. అంత బరువు మన నేల మీద ఏ నెలలో కదులుతుంది?

మా నాన్నది రాజాం దగ్గర పల్లె. ఈ వీడియో కోసం మొన్న జనవరిలో బొబ్బిలి దగ్గర ఒక పొలం గట్టు మీద నిలబడ్డాను. కోత అయిపోయిన మడి. వరి కొయ్యలు చెప్పులోంచి గుచ్చుకుంటున్నాయి. నేల నెర్రెలిచ్చింది. నా కళ్ల ముందే గడ్డి మోపులతో ఎడ్లబండి ఒకటి దారి వదిలేసి మడికి అడ్డంగా పోయింది. వెనకాలే వెళ్లి చక్రం జాడలో చెయ్యి పెట్టి చూశాను. రెండు వేళ్ల లోతు కూడా దిగలేదు! అదే మడిని ఉభాల రోజుల్లో, అంటే వరి నాట్లప్పుడు చూశాను. ట్రాక్టరు దిగబడిపోయింది. దాన్ని లాగడానికి ఇంకో ట్రాక్టరు తెచ్చారు. తాడు తెగింది. సాయంత్రం దాకా మోకాళ్ల లోతు బురదలో ఆరుగురు మనుషులు. 1757లో ట్రాక్టరు ఎక్కడిది?

ఇంకో సంగతి. బుస్సీ ఆ రోజుల్లో ఇటు ఎందుకు వచ్చాడు? ఉత్తర సర్కారుల్లో, అంటే మన కోస్తా జిల్లాల్లో, శిస్తు బకాయిలు తేల్చడానికి. శిస్తుకు వచ్చేవాడు ఎప్పుడొస్తాడు? పంట చేతికొచ్చాక! కళ్లాల్లో ధాన్యం, వాముల్లో గడ్డి, దారులు పొడిగా. అంటే శత్రువుకు కావలసిన సరఫరా అంతా మన రైతే నూర్చి కుప్పపోసి పెట్టాడు. నాకు ఒళ్లు మండేది ఇక్కడే. మన చెమటతో పండిన గింజే మన కోట మీదికొచ్చిన సైన్యానికి కూడు అయింది.

కోట సంగతి చూడండి. ఆ కాలంలో మన జమీందారుల కోటల చుట్టూ దట్టమైన పొదలు, వాటి మధ్య వంకరటింకర సన్న దారులు ఉండేవి. ఆ చిట్టడవే అసలు ప్రాకారం. వానలు పడుతుంటే ఆ దారిలో ఫిరంగి బండి ఇరుక్కుంటుంది, పొదల్లోంచి వచ్చి కొట్టొచ్చు. జనవరిలో ఆ రక్ష ఎంత మిగులుతుంది? తెల్లవారుతూనే కాల్పులు మొదలయ్యాయి. బురుజులు విరిగినా బొబ్బిలి రాజు రంగారావు మనుషులు నిచ్చెనలెక్కినవాళ్లను గంటల తరబడి కిందికి తోశారు. వీరత్వంలో లోటు ఎక్కడుంది చెప్పండి? లోపల ఆడవాళ్లు, పిల్లల గతి తలచుకుంటే నాకు ఇప్పటికీ గొంతు పూడుకుపోతుంది. 1891లో నిలబెట్టిన ఆ స్మారక స్తంభం దగ్గరికి వెళితే పది నిమిషాలు మాట రాదు.

అప్పుడు బొబ్బిలి వీరుడు తాండ్ర పాపారాయుడు ఎక్కడున్నాడు? రాజాంలో. ఇవాళ బస్సెక్కితే గంట పని. ఆ రోజు ఆ గంట దూరమే కొంప ముంచింది. తర్వాత ఆయన డేరాలో దూరి విజయరామరాజును చంపాడు, అది అందరికీ తెలుసు. కానీ కోటకు సాయం సమయానికి చేరలేదు. అదే ముట్టడి వానల్లో నాలుగు రోజులు సాగి ఉంటే? రాజాం సైన్యం వెనక నుంచి పడేది!

"మరి పద్మనాభం యుద్ధం?" అని అడుగుతారు, నాకు తెలుసు. 1794 జులై 10, వానాకాలమే, అయినా విజయనగరం రాజు చిన విజయరామరాజు పడిపోయాడు, ఇంగ్లీషు ఈస్టిండియా కుంపిణీ గెలిచింది. మ్యాప్ తీయండి బాబూ! పద్మనాభం భీమిలికి ఎంత దగ్గరో చూడండి. వెనకాల సముద్రం, విశాఖలో కుంపిణీ స్థావరం. సరఫరా వాళ్ల గుమ్మంలోనే ఉంది. 1758లో చందుర్తి యుద్ధానికి ముందు ఆ కుంపిణీ కర్నల్ ఫోర్డ్ సైన్యం కలకత్తా నుంచి దిగింది కూడా విశాఖలోనే, ఓడల్లో. ఓడకు బురద అడ్డం కాదు.

పానిపట్టు కూడా ఇదే కథ. 1761 జనవరి 14. అఫ్గాన్ రాజు అబ్దాలీ ఢిల్లీ దారి మూసేశాడు. మరాఠాలు కత్తి దూయక ముందే ఆకలితో సగం ఓడిపోయారు.

నా మాట నమ్మనివాళ్ల కోసం ఒక పరీక్ష పెడదామనుకున్నాను. ఇనప సామాను నింపిన ఎడ్లబండిని ఉభాలప్పుడు అదే మడిలో తోలించి షూట్ చేద్దామని ఆ బండి రైతును అడిగాను. జనవరిలో ఎంత బరువైనా సరే, ఎన్నిసార్లయినా తోలతానన్నాడు. ఉభాలప్పుడు అనేసరికి డబ్బు మాట కూడా ఎత్తనివ్వలేదు. "నా ఎడ్లు చచ్చిపోతాయి బాబూ, రాను" అని బండి తిప్పుకుని వెళ్లిపోయాడు.