పెద్దవాళ్లకు ఇంగ్లిష్ నేర్పాలా? పండగల క్యాలెండర్ తీయండి

[తెర మీద: నవంబర్ క్యాలెండర్. నాలుగో గురువారం చుట్టూ ఎర్ర పెన్నుతో సున్నా]

నమస్తే అండి. అమెరికాకు కొత్తగా వచ్చిన పెద్దవాళ్ల కోసం లైబ్రరీల్లో, చర్చి హాళ్లలో, కమ్యూనిటీ కాలేజీల్లో ఇంగ్లిష్ క్లాసులు నడుస్తుంటాయి. చాలాచోట్ల చెప్పేది వాలంటీర్లే. మీరు అలాంటి వాలంటీరైనా, ఇండియా నుంచి వచ్చిన అమ్మకో అత్తయ్యకో ఇంట్లోనే నాలుగు ముక్కలు నేర్పాలనుకుంటున్నా, ఈ వీడియో మీకే.

నవంబర్ రాగానే, ఆ నెల నాలుగో గురువారం వచ్చే థాంక్స్‌గివింగ్ పండగ పాఠం మొదలవుతుంది. ఎక్కువమంది కథతో మొదలుపెడతారు. 1620లో పిల్‌గ్రిమ్‌లనే వలసదారులతో మేఫ్లవర్ ఓడ వచ్చింది, 1621లో మసాచుసెట్స్‌లోని ప్లిమత్‌లో పంట చేతికొచ్చింది, అక్కడి మూలవాసులైన వాంపనోగ్ జనంతో కలిసి మూడు రోజులు విందు చేసుకున్నారు, ఇలా. ఇల్లు ఎక్కడో చెప్పడానికే తడబడే మనిషికి 'పిల్‌గ్రిమ్', 'మేఫ్లవర్' ఎందుకండీ? రేపు కిరాణా షాపులో ఆ మాటలతో పనేముంది? పైగా అది అంత తేలిక కథ కూడా కాదు. థాంక్స్‌గివింగ్ రోజునే, అదే ప్లిమత్‌లో, 1970 నుంచి మూలవాసులు సంతాప దినం పాటిస్తున్నారు. ఆ రెండో వైపు చెప్పకుండా కథ ముగించడం నాకు ఇష్టం ఉండదు. చెప్పాలంటే ఇరవై మాటల ఇంగ్లిష్ చాలదు. కాబట్టి కథను పైక్లాసుకు వదిలేయండి.

మొదటి క్లాసుకు కావాల్సింది ఆ వారంలో వాళ్ల చెవిన పడే మాటలు, వాళ్లు అడగాల్సిన ప్రశ్నలు. పండగతో ఉన్న సుఖం ఏంటంటే, ఏ మాట ఏ రోజు అవసరమవుతుందో మనకు ముందే తెలుసు.

[తెర మీద: 7/4 అని పెద్ద అంకెలు]

ముందు తేదీలు. ఇది చూసి మనవాళ్లు ఏప్రిల్ 7 అంటారు. ఇక్కడ ఇది జూలై 4, స్వాతంత్ర్య దినం. నెల ముందు, తేదీ తర్వాత. డాక్టర్ అపాయింట్‌మెంట్ కార్డు మీద కూడా ఇదే వరస, పొరబడితే అపాయింట్‌మెంట్ పోయినట్టే. అందుకే ఈ పాఠానికి జూలై 4 కంటే మంచి ఉదాహరణ లేదు.

'ఫస్ట్, సెకండ్, థర్డ్, ఫోర్త్' కూడా పండగలతోనే వచ్చేస్తాయి. లేబర్ డే సెప్టెంబర్‌లో ఫస్ట్ మండే. థాంక్స్‌గివింగ్ నవంబర్‌లో ఫోర్త్ థర్స్‌డే, 1941లో చట్టం చేసి అలా ఖాయం చేశారు. ఈ సెలవు రోజుల్లో బ్యాంకు, పోస్టాఫీసు మూసేస్తారు కాబట్టి వెంటనే ఫోన్ ప్రాక్టీస్ చేయించండి: "ఆర్ యు ఓపెన్ ఆన్ లేబర్ డే?" ఒకరు బ్యాంకు, ఒకరు కస్టమర్. మొహం కనపడకుండా వీపులు ఆనించి కూర్చోమనండి. ఫోన్‌లో ఉండే అసలు టెన్షన్ అప్పుడు తెలుస్తుంది.

[తెర మీద: చీకటి పడ్డ వీధి, వెలుగుతున్న వాకిలి లైటు]

అక్టోబర్ 31, హాలోవీన్. పిల్లలు వేషాలు వేసుకుని ఇల్లిల్లూ తిరిగి మిఠాయిలు అడిగే పండగ. పిల్లలు లేనివాళ్లకు ఈ పాఠం ఎందుకు అనుకోకండి. పిల్లలు వాళ్ల తలుపు కూడా కొడతారు. కొడుకూ కోడలూ ఆఫీసు నుంచి ఇంకా రాలేదు, ఇంట్లో అమ్మ ఒక్కతే ఉంది, బెల్ మోగింది, తలుపు తీస్తే ఎదురుగా దెయ్యం వేషం! ఆవిడకు మూడు మాటలు చాలు. "హ్యాపీ హాలోవీన్", "టేక్ వన్", "నైస్ కాస్ట్యూమ్". ఇష్టం లేనివాళ్లకు అసలు ఇంగ్లిషే అక్కర్లేదు, వాకిలి లైటు ఆర్పేస్తే మామూలుగా ఎవరూ రారు. ఈ లైటు సంగతి క్లాసులో తప్పకుండా చెప్పండి. మతం వల్ల ఈ పండగకు దూరంగా ఉండేవాళ్లు ప్రతి బ్యాచ్‌లోనూ ఉండొచ్చు.

[తెర మీద: షాపు యాడ్ పేపర్ దగ్గరగా. టర్కీ బొమ్మ, కింద ధర]

ఇక థాంక్స్‌గివింగ్. దీనికి నా పాఠ్యపుస్తకం షాపు గుమ్మం దగ్గర ఊరికే దొరికే యాడ్ పేపరే. తలా ఒకటి పంచండి. టర్కీ కోడి పౌండ్ 99 సెంట్లు, మనకు కావాల్సింది 12 పౌండ్లది. "హౌ మచ్ ఈజ్ ఇట్?" లెక్కేసి 11 డాలర్ల 88 సెంట్లు అని ఇంగ్లిష్‌లో చదవాలి. పక్కనే 'లిమిట్ వన్' అని ఉంటుంది, అంటే మనిషికి ఒకటే.

ఇంకాస్త కిందికి రండి. '2/$5' అని ఉంది చూశారా? దీన్ని 'టూ ఫర్ ఫైవ్' అని చదవాలి. మరి ఒక్కటే కొంటే రెండున్నరకు ఇస్తారా, రెండూ కొనాల్సిందేనా? ఇది షాపును బట్టి ఉంటుంది. అందుకే ప్రశ్న నేర్పండి: "డు ఐ హావ్ టు బై టూ?" ఇంగ్లిష్ బాగా వచ్చినవాళ్లు కూడా ఇది అడగడానికి మొహమాటపడి రెండూ బుట్టలో వేసుకుంటారు.

తర్వాత భోజనానికి పిలుపు. ఆఫీసు వాళ్లో పక్కింటివాళ్లో రమ్మంటారు. వట్టి చేతులతో వెళ్లడం మనకూ అలవాటు లేదు కదా, "వాట్ కెన్ ఐ బ్రింగ్?" అని అడగమనండి. "జస్ట్ బ్రింగ్ యువర్‌సెల్ఫ్" అంటే ఏమీ తేనక్కర్లేదు, మీరొస్తే చాలని. అయినా ఏదో ఒకటి తీసుకెళ్తే సంతోషిస్తారు.

బల్ల దగ్గర శాకాహారులకు అసలు పరీక్ష. "ఈజ్ దేర్ మీట్ ఇన్ దిస్?" అని అడిగితే 'నో' అంటారు. అబద్ధమేం కాదు, ముక్కలు లేవు మరి. స్టఫింగ్ అనే బ్రెడ్ వంటకం మాత్రం చాలా ఇళ్లలో చికెన్ ఉడికించిన నీళ్లతో చేస్తారు, లేదా టర్కీ పొట్టలోనే వండుతారు. అందుకని రెండో ప్రశ్న కూడా ఉండాలి: "ఈజ్ ఇట్ మేడ్ విత్ చికెన్ బ్రాత్?" చిలగడదుంపల మీద వేసే మార్ష్‌మాలో అనే మెత్తటి మిఠాయిల్లో సాధారణంగా జెలటిన్ ఉంటుంది, అది జంతువుల చర్మం, ఎముకల నుంచి తీసేది. ఇది మనకే కాదు, క్లాసులో ఉన్న ముస్లింలకూ కావాల్సిన సమాచారం.

[తెర మీద: గొబ్బెమ్మలు, ముగ్గు]

గ్రామర్ ఏదీ అంటారా? వచ్చేసింది. ఏటేటా చేసేదాన్ని చెప్పాలంటే సింపుల్ ప్రెజెంట్ తప్పదు. "వాళ్లు టర్కీ తింటారు, మీరేం చేస్తారు?" అని అడిగి వదిలేయండి. "ఇన్ జాన్యువరీ వియ్ సెలబ్రేట్ సంక్రాంతి. వియ్ మేక్ అరిసెలు. వియ్ ఫ్లై కైట్స్." పక్కన వియత్నాం నుంచి వచ్చినావిడ వాళ్ల కొత్త సంవత్సరం పండగ టెట్ గురించి చెబుతుంది. అంతసేపూ నోరు విప్పనివాళ్లు ఇక్కడ మాట్లాడతారు, ఎందుకంటే ఈ విషయంలో టీచర్‌కేమీ తెలీదు. తప్పులు దిద్దడం వాయిదా వేసి, నిజంగా తెలీనట్టే అడగండి. పండగ వెళ్లాక వచ్చే క్లాసులో అవే వాక్యాలు 'వెంట్, ఏట్, మేడ్' అని మార్చమంటే పాస్ట్ టెన్స్ కూడా అయిపోతుంది.

దయచేసి టర్కీ బొమ్మకు రంగులు వేయించకండి. ఆ కుర్చీలో కూర్చున్నది వాళ్ల ఊళ్లో నర్సో, మేస్త్రీనో, హెడ్మాస్టరో అయ్యుండొచ్చు.

[తెర మీద: పౌరసత్వ పరీక్ష పదాల జాబితా]

సిటిజన్‌షిప్‌కు వెళ్లేవాళ్లుంటే ఇంకో లాభం. ఆ ఇంటర్వ్యూలో ఇంగ్లిష్ చదివించి, రాయించి చూస్తారు. మూడు వాక్యాల్లో ఒకటి సరిగ్గా చదివితే చాలు, రాయడం కూడా అంతే. ఆ వాక్యాల కోసం ఇచ్చిన పదాల జాబితాలో ప్రెసిడెంట్స్ డే, మెమోరియల్ డే, లేబర్ డే, థాంక్స్‌గివింగ్ అన్నీ ఉన్నాయి. ఫిబ్రవరి, మే, సెప్టెంబర్, నవంబర్ లాంటి నెలలూ ఉన్నాయి. పౌరసత్వ దరఖాస్తులు చూసే ప్రభుత్వ సంస్థ యూఎస్‌సీఐఎస్ వెబ్‌సైట్‌లో ఆ జాబితా ఉచితంగా దొరుకుతుంది. ప్రింట్ తీసి క్యాలెండర్ పక్కనే అంటించండి, ఏ పండగ దగ్గరికొస్తే దాని స్పెల్లింగ్ ఆ వారం రాయించండి. 'ఫిబ్రవరి'కి మాత్రం రెండు వారాలు ఇవ్వండి, మధ్యలో ఆ 'ఆర్' అందరికీ జారిపోతుంది.